ఆల్చిప్ప వడకట్టిన మురికి ఎక్కడికి పోతుంది?

రెండు గాజు తొట్లు ఉంటాయి. రెండింట్లోనూ పచ్చగా, మడ్డిగా ఉన్న సముద్రపు నీళ్లే. ఒకదాంట్లో గుప్పెడు ఆల్చిప్పలు వేస్తారు, రెండోదాన్ని అలాగే వదిలేస్తారు. కొన్ని గంటలు తిరిగేసరికి ఆల్చిప్పలున్న తొట్టి, అవతల ఏముందో కనిపించేంత తేటగా అయిపోతుంది. ఈ వీడియో ఏదో ఒక రూపంలో చాలామంది ఫోన్లలోకి వచ్చే ఉంటుంది. దాని కింద రాసే మాట కూడా దాదాపు ఒకటే: ఒక్క ఆల్చిప్ప రోజుకు 190 లీటర్ల నీటిని శుభ్రం చేస్తుంది, వీటిని పెంచితే సముద్రం బాగుపడిపోతుంది.

వీడియో నిజమే. 190 లీటర్ల అంకె కూడా పుట్టించింది కాదు, కాకపోతే దాని చుట్టూ ఉన్న షరతులు ఎవరూ చెప్పరు. వడకట్టిన మడ్డి ఎటు పోయిందన్న ప్రశ్నకు మాత్రం ఆ వీడియోలో జవాబు దొరకదు. తొట్టి అడుగుకు చూస్తే అక్కడే ఉంటుంది. సముద్రంలో అయితే ఆ అడుగున ఇంకో పెద్ద కథ మొదలవుతుంది. గడ్డి, బ్యాక్టీరియా, చిన్న చిన్న పురుగులు, పీతలు, చివరికి నీటికుక్కలు కూడా అందులో ఉంటాయి.

క్లుప్తంగా

ఆల్చిప్పలు నీటిలోని మడ్డిని అడుగుకు చేరుస్తాయి. అడుగున ఉండే బ్యాక్టీరియా అందులోని నత్రజనిలో కొంత భాగాన్ని వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తాయి. సముద్ర గడ్డి మిగతా మడ్డిని కదలకుండా పట్టి ఉంచుతుంది, ఆ గడ్డిని చిన్న జీవులు కడుగుతూ ఉంటాయి. ఈ గొలుసు నడవాలంటే అడుగుకు ఆక్సిజన్, గడ్డికి వెలుతురు అందాలి. ఆ రెండూ ఓ హద్దు దాటి తగ్గితే అవే జీవులున్న చోటే నీళ్లు ఇంకా పాడవుతాయి. అందుకే ఆల్చిప్పలు పెంచడం ఒక్కటే కొన్నిచోట్ల పనిచేస్తుంది, కొన్నిచోట్ల చేయదు.

ఇక్కడ మురికి అంటే ఏది

ప్లాస్టిక్ సంచుల సంగతి కాదు ఇది. తీరప్రాంతపు నీళ్లను ఎక్కువగా పాడుచేసేది ఎరువు. పొలాల్లోంచి, పశువుల, కోళ్ల ఎరువులోంచి, డ్రైనేజీలోంచి వచ్చే నత్రజని, భాస్వరం. పొలంలో వరి ఏపుగా పెరగడానికి ఏది కారణమో, నీటిలో తేలాడే సూక్ష్మమైన మొక్కలు, అంటే ప్లాంక్టన్, విపరీతంగా పెరగడానికీ అదే కారణం. ప్లాంక్టన్ పెరిగితే నీళ్లు పచ్చబడతాయి, వెలుతురు అడుగుదాకా పోదు. తర్వాత అది చచ్చి కిందికి దిగి కుళ్లుతుంది, కుళ్లేటప్పుడు అడుగునున్న ఆక్సిజన్ అంతా తాగేస్తుంది.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు చూసుకునేవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పగలంతా ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే డీవో (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) అన్నింటికన్నా తెల్లవారుజామున పడిపోతుంది, నీటిలోకి గాలి కలిపే ఏరేటర్ ఆగిందంటే చాలు టెన్షన్. సముద్రానికి ఏరేటర్ ఉండదు. ఆ పని అలలు, గాలి, ఆటుపోట్లు చేయాలి, లోతుగా ఉండి నీళ్లు పొరలుగా విడిపోయిన చోట అవి కూడా చేయలేవు.

అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ అఖాతం ఇందుకు మంచి ఉదాహరణ. వర్జీనియా, మేరీలాండ్‌లో ఉండే తెలుగువాళ్లలో చాలామంది దాని మీది వంతెన దాటే ఉంటారు. పొడవు 320 కిలోమీటర్లు, సగటు లోతు మాత్రం ఆరున్నర మీటర్లే. ఇంత పల్చటి పళ్లెంలోకి ఆరు రాష్ట్రాల, రాజధాని వాషింగ్టన్ నేలల మీద పడ్డ నీళ్లు వచ్చి చేరతాయి, ఆ పరీవాహక ప్రాంతం సుమారు 1,66,000 చదరపు కిలోమీటర్లు. వేసవిలో నదుల నుంచి వచ్చిన తేలికైన మంచినీరు పైన, బరువైన ఉప్పునీరు కింద ఉండిపోతాయి. మధ్యలోని లోతైన కాలువలో కింది నీటికి గాలి తగలదు. ప్రతి ఏడాదీ అక్కడ డెడ్ జోన్, అంటే ఆక్సిజన్ దాదాపు లేని మేర, ఏర్పడుతుంది. ఈత వచ్చిన జీవులు పారిపోతాయి, రానివి చస్తాయి.

చిప్ప లోపల జరిగేది

ఆల్చిప్ప నీటిని లోపలికి లాగి మొప్పల మీదుగా పంపుతుంది. మొప్పల మీద జిగురు ఉంటుంది, నీటిలో ఉన్న సన్నటి రేణువులన్నీ దానికి అంటుకుంటాయి. అందులో ప్లాంక్టన్ లాంటి తిండికి పనికొచ్చేది నోట్లోకి పోతుంది, మన్ను లాంటిది జిగురులో చుట్టి ఉండలా బయటికి తోసేస్తుంది. తిన్నదాంట్లో కొంత ఒంటికి పడుతుంది, మిగతాది మలంగా వస్తుంది. విడివిడిగా ఉంటే రోజుల తరబడి నీటిలో తేలాడే రేణువులు ఇలా ఉండలు కట్టడం వల్ల గబుక్కున అడుగుకు దిగిపోతాయి. అంటే ఆల్చిప్ప చేసేది మురికిని మాయం చేయడం కాదు, దాని చోటు మార్చడం. ఇల్లు ఊడ్చి చెత్తను మూలకు చేర్చినట్టు.

ఇక ఆ 190 లీటర్ల సంగతి. పెద్ద ఆల్చిప్ప, వెచ్చటి నీళ్లు, సరిపడా ఉప్పు, మరీ ఎక్కువ బురద లేకుండా ఉంటే, అన్నీ కుదిరిన రోజున చేరగలిగే గరిష్ఠం అది. నీళ్లు చల్లబడితే చిప్ప మూసుకుని కూర్చుంటుంది. బురద మరీ ఎక్కువైనా అంతే.

మూలకు చేర్చిన చెత్తను ఎత్తిపోసేది బ్యాక్టీరియా. ఇది రెండు దశల్లో జరుగుతుంది. అడుగున పడిన మలం కుళ్లి అమ్మోనియా అవుతుంది. మట్టి పైపొరలో ఆక్సిజన్ ఉంటే కొన్ని బ్యాక్టీరియాలు ఆ అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తాయి. దాని కిందే, కొన్ని మిల్లీమీటర్ల లోతులో, ఆక్సిజన్ లేని పొర ఉంటుంది. అక్కడి ఇంకో రకం బ్యాక్టీరియాలు నైట్రేట్‌ను విరిచి నత్రజని వాయువుగా వదులుతాయి. గాలిలో ఎటూ 78 శాతం నత్రజనే, బుడగై పోయింది అందులో కలిసిపోతుంది. నత్రజని నిజంగా నీటిని విడిచిపెట్టే ప్రధానమైన దారుల్లో ఇది ఒకటి.

ఆల్చిప్పల దిబ్బ దీనికి అచ్చంగా సరిపోయే చోటు. చిప్పల సందుల్లో పురుగులు, చిన్న పీతలు, గుల్లలు వందలకొద్దీ ఉంటాయి. అవి బొరియలు చేస్తూ గాలి ఉన్న పొరనీ లేని పొరనీ పక్కపక్కకు తెస్తుంటాయి. మేరీలాండ్‌లోని చోప్‌టాంక్ నదిలో మళ్లీ కట్టిన ఒక దిబ్బ మీద కొలిస్తే, ఇలా పోయే నత్రజని పక్కనున్న ఖాళీ అడుగు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా తేలింది.

అడుగంతా ఆక్సిజన్ లేకుండా పోతే మొదటి దశ ఆగిపోతుంది. నైట్రేట్ తయారవదు కాబట్టి రెండో దశకు సరుకే ఉండదు. అమ్మోనియా తిరిగి పైకి వచ్చి మళ్లీ ప్లాంక్టన్‌కు ఎరువవుతుంది. మట్టిలో ఇనుముతో కట్టుబడి ఉన్న భాస్వరం కూడా ఆక్సిజన్ పోగానే విడిపోతుంది. నీళ్లు బాగున్నప్పుడు చెత్త ఎత్తిపోసిన అడుగే ఇప్పుడు చెత్తను ఎదురు పోస్తుందన్నమాట. ఆల్చిప్పలు వేసే ముందు ఎక్కడ వేస్తున్నామో చూడాలనడానికి కారణం ఇదే.

మూడు రోజుల లెక్క

చెసపీక్‌లో ఒకప్పుడు ఓడలు తప్పించుకుని పోవాల్సినంత పెద్ద ఆల్చిప్పల దిబ్బలుండేవి. 1880ల్లో ఒక్క మేరీలాండ్‌లోనే ఒక సీజన్‌లో కోటిన్నర బుషెళ్ల దాకా తీశారు (బుషెల్ అంటే సుమారు 35 లీటర్లు పట్టే కొలత). ఇనుప గోళ్లున్న వలలతో అడుగును గీకి తీయడంతో ఆల్చిప్పలతో పాటు దిబ్బలు కూడా పోయాయి. ఆల్చిప్ప పిల్ల అతుక్కుని పెరగడానికి గట్టి చోటు కావాలి, దానికి అన్నింటికన్నా ఇష్టమైన చోటు ఇంకో ఆల్చిప్ప చిప్ప. చిప్పల్ని సున్నానికీ, రోడ్లకీ, కోళ్ల దాణాకీ తీసుకుపోయాక మిగిలింది మెత్తటి బురద. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో రెండు రోగాలు వచ్చి మిగిలినవాటినీ ఊడ్చేశాయి. ఇప్పుడు పాత సంఖ్యలో ఒక శాతం కూడా లేవనేది ఎక్కువగా చెప్పే అంచనా.

1988లో రోజర్ న్యూవెల్ అనే శాస్త్రవేత్త ఒక లెక్క వేశారు. 1870కి ముందున్న ఆల్చిప్పలు వేసవిలో అఖాతంలోని నీటిమొత్తాన్ని మూడు నుంచి ఆరు రోజుల్లో వడకట్టగలిగేవి, 1988 నాటికి మిగిలినవాటికి అదే పనికి 325 రోజులు పడుతుంది. ఈ పోలిక ఎంత పేరు తెచ్చుకుందంటే ఇప్పుడు ఆల్చిప్పల గురించి ఎవరు మాట్లాడినా అక్కడి నుంచే మొదలుపెడతారు.

దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. 2006లో వచ్చిన ఒక పరిశోధన వ్యాసం రెండు అభ్యంతరాలు చెప్పింది. ప్లాంక్టన్ బాగా పెరిగేది వసంతంలో, మంచు కరిగి, అఖాతంలో కలిసే సస్కెహానా నది ఎరువును మోసుకొచ్చినప్పుడు. అప్పటికి నీళ్లింకా చల్లగా ఉంటాయి, ఆల్చిప్పలు సరిగ్గా తినడం మొదలుపెట్టవు. రెండోది, దిబ్బలు ఉండేది ఎక్కువగా ఒడ్డుకు దగ్గరి తక్కువ లోతుల్లో, ప్లాంక్టన్ మాత్రం మధ్య నీళ్లలో. తిండి ఒకచోట, తినేవాళ్లు ఒకచోట. న్యూవెల్ పక్షం దీనికి జవాబు ఇచ్చింది, వాదన పూర్తిగా తెగలేదు. రెండు పక్షాల మాటలూ కలిపి చూస్తే, ఆల్చిప్పలు తమ చుట్టూ ఉన్న పాయనో చిన్న వాగునో మార్చగలవు అనడం వరకు గట్టిగా నిలబడుతుంది. అఖాతం మొత్తాన్ని అవే కాపాడతాయి అనేంత బలం ఆ లెక్కకు లేదు.

గడ్డి లేకపోతే చిప్ప పని వృథా

సముద్ర గడ్డిని చాలామంది నాచు అనుకుంటారు. నాచుకు వేరుండదు. సముద్ర గడ్డి మాత్రం నేల మీది మొక్కల్లాగే వేళ్లున్న, పూలు పూసి గింజలు కాసే మొక్క. దాని ఆకుల మధ్యకు వచ్చేసరికి నీటి వేగం తగ్గిపోతుంది, వేగం తగ్గగానే మన్ను కిందికి దిగుతుంది, దిగినదాన్ని వేళ్లు పట్టుకుంటాయి. లేకపోతే ఆల్చిప్ప పొద్దున్న దించిన మడ్డిని సాయంత్రం గాలివాన మళ్లీ లేపేస్తుంది. దాంతోపాటు గడ్డి వేళ్లలోంచి మట్టిలోకి కొంచెం ఆక్సిజన్ ఊరుతుంది, పైన చెప్పిన బ్యాక్టీరియాలకు అది పనికొస్తుంది.

గడ్డికి ఆల్చిప్ప చేసే మేలు వెలుతురు. ప్లాంక్టన్ ఉపరితలం మీద పడే వెలుతురులో ఒక శాతంతో కూడా బతికేస్తుంది. సముద్ర గడ్డి చాలా రకాలకు 20 శాతం అటూఇటూగా కావాలి. ఆ తేడా వల్లే నీళ్లు కాస్త మసకబడితే ముందు పోయేది గడ్డి. అది పోయాక మన్ను లేస్తుంది, నీళ్లు ఇంకా మసకబడతాయి, పక్కనున్న గడ్డి కూడా పోతుంది.

సస్కెహానా నది అఖాతంలో కలిసే చోట దీని రెండు వైపులూ కనిపించాయి. 1972 జూన్‌లో ఆగ్నెస్ తుపాను తెచ్చిన వరద, బురద అక్కడి గడ్డి మైదానాన్ని తుడిచిపెట్టాయి. దాదాపు మూడు దశాబ్దాలు అది తిరిగి రాలేదు. 2000 తర్వాత వేగంగా వ్యాపించింది. 2011లో లీ తుపాను వచ్చినప్పుడు మళ్లీ అలాంటి వరదే, కానీ ఈసారి అంచులు కొట్టుకుపోయినా మధ్యభాగం నిలబడింది. దట్టంగా ఉన్న గడ్డి తన లోపలి నీటిని తానే నెమ్మదింపజేసి తానే తేటచేసుకుంది. పల్చగా ఉంటే ఆ వీలుండేది కాదు.

గడ్డికి ఇంకో శత్రువు దాని కాళ్ల కిందే ఉంటుంది. ఆక్సిజన్ లేని బురదలో సల్ఫైడ్ తయారవుతుంది, కుళ్లిన గుడ్ల వాసన వచ్చేది అదే, వేళ్లకు అది విషం. ఉష్ణమండలపు గడ్డి మైదానాల్లో చాలాచోట్ల లూసినిడ్ అనే చిన్న గుల్లల కుటుంబం ఉంటుంది. వాటి మొప్పల్లో కాపురముండే బ్యాక్టీరియా సల్ఫైడ్‌నే తిని బతుకుతాయి. గుల్లకు తిండి బ్యాక్టీరియా నుంచి వస్తుంది, గుల్లకు ఆక్సిజన్ గడ్డి వేళ్ల దగ్గర దొరుకుతుంది, గడ్డికి విషం తగ్గుతుంది. మొక్క, జంతువు, సూక్ష్మజీవి ముగ్గురి మధ్య ఉన్న ఈ ఏర్పాటును 2012లో వచ్చిన ఒక పరిశోధన వివరించింది.

ఆకులు కడిగేవాళ్లు, వాళ్లను కాపాడేవాళ్లు

ఎరువు ఎక్కువైతే గడ్డి ఆకుల మీద కూడా నాచు పాకుతుంది. అది ఆకుకు దుప్పటి కప్పినట్టే. చిన్న నత్తలు, రొయ్యలకు దూరపు చుట్టాలైన పురుగులు, సముద్రపు స్లగ్‌లు ఆ నాచును గీరి తింటాయి. వాటిని పీతలు తింటాయి. పీతలు మితిమీరితే కడిగేవాళ్లు తగ్గి ఆకులు మురికి పడతాయి.

కాలిఫోర్నియాలో మాంటెరీ అఖాతం పక్కన ఎల్క్‌హార్న్ స్లౌ అని ఓ ఉప్పుటేరు ఉంది. చుట్టూ కూరగాయల పొలాలు, దాంతో నీటిలో ఎరువు విపరీతం. లెక్క ప్రకారం అక్కడ గడ్డి చచ్చిపోవాలి, చాలాకాలం తగ్గుతూనే వచ్చింది కూడా. 1984లో సముద్రపు నీటికుక్కలు అక్కడికి రావడం మొదలైంది. అవి పీతల్ని తిన్నాయి, పీతలు తగ్గాక స్లగ్‌లు, పురుగులు పెరిగాయి, అవి ఆకులు కడిగాయి, గడ్డి పుంజుకుంది. ఎరువు మాత్రం తగ్గలేదు. 2013లో ఈ సంగతి బయటికి వచ్చినప్పుడు, నీటి నాణ్యతకూ ఓ క్రూరమృగానికీ సంబంధం ఉంటుందని ఊహించనివాళ్లకు అది ఆశ్చర్యమే. నీటికుక్క గురించి తెలిసినవాళ్లకు దాని ఆకలి గురించి కూడా తెలుసు కాబట్టి పీతలు తగ్గడంలో ఆశ్చర్యమేమీ లేదు.

రోగక్రిముల విషయంలోనూ గడ్డి పాత్ర ఉంది. ఇండోనేసియాలో సులవేసి పక్కనున్న స్పెర్మోండ్ దీవుల్లో 2017లో ప్రచురితమైన కొలతల ప్రకారం, గడ్డి మైదానాలున్న చోట మనుషుల మలం నుంచి వచ్చే ఎంటరోకోకస్ బ్యాక్టీరియా సగానికి సగం తక్కువ. పక్కనున్న పగడాలకు రోగాలు కూడా సగమే. ఈ దీవుల్లో మురుగు శుద్ధి ఏర్పాట్లు లేవు, కాబట్టి మురుగు తక్కువ ఉందేమో అనే అనుమానానికి చోటు తక్కువ. దీన్ని చదివి ఆల్చిప్పలు కూడా క్రిముల్ని చంపుతాయి అనుకోవడం పొరపాటు. అవి క్రిముల్ని ఒంట్లో పోగు చేసుకుంటాయి, మురుగు కలిసే చోట తీసిన పచ్చి ఆల్చిప్పలు తిని జనం జబ్బుపడేది అందుకే. సీసం, పాదరసం లాంటి లోహాలూ అంతే, చోటు మారతాయి తప్ప పోవు.

గొలుసు తెగితే

ఫ్లోరిడాలోని ఇండియన్ రివర్ లగూన్‌లో 2011లో భారీగా ప్లాంక్టన్ పెరిగి నెలల తరబడి వెలుతురు ఆపేసింది. ఆ తర్వాతి ఏళ్లలో గడ్డి సగానికి పైగా పోయింది. చచ్చిన గడ్డి కుళ్లి వదిలిన ఎరువు తర్వాతి ప్లాంక్టన్‌కు పనికొచ్చింది. గడ్డి తిని బతికే మనటీలు అనే పెద్ద నీటి జంతువులు ఆకలితో చచ్చాయి. 2021లో ఫ్లోరిడా మొత్తం మీద చనిపోయిన మనటీలు సుమారు 1,100. ఆ చలికాలంలో అధికారులు వాటికి లెట్యూస్ ఆకులు తెచ్చి వేశారు. ఎరువు ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల నుంచి, పొలాల నుంచి ఏళ్లతరబడి కొద్దికొద్దిగానే వచ్చింది, గడ్డి మాత్రం కొద్దికొద్దిగా పోలేదు.

ముందు ఏది చేయాలి

వర్జీనియాలోనే రెండు చోట్లను పక్కపక్కన పెడితే జవాబు కొంత తెలుస్తుంది. అట్లాంటిక్ వైపున్న చిన్న అఖాతాల్లో 1930ల్లో ఒక తెగులు, 1933 ఆగస్టు తుపాను కలిసి సముద్ర గడ్డిని పూర్తిగా తుడిచేశాయి. అక్కడ పెద్ద నదులు లేవు, పెద్ద ఊళ్లు లేవు, నీళ్లు తేటగానే ఉండిపోయాయి. లేనిది గింజే. ఇరవై ఏళ్లలో 7 కోట్లకు పైగా గింజలు చల్లితే గడ్డి దాదాపు 3,600 హెక్టార్లకు పాకింది, అందులో మనుషులు చల్లిన మేర 213 హెక్టార్లే. చెసపీక్‌లో అలా గింజలు చల్లినా నిలవని చోట్లు చాలా ఉన్నాయి, ఎందుకంటే అక్కడ లేనిది వెలుతురు. అక్కడ గడ్డి తిరిగొచ్చింది మురుగు శుద్ధి, పొలాల నుంచి వచ్చే ఎరువు కట్టడి వల్ల నత్రజని తగ్గాకే. 1984 తర్వాత నత్రజని 23 శాతం తగ్గిందనీ, గడ్డి సుమారు 17,000 హెక్టార్లు పెరిగిందనీ 2018 నాటి ఒక విశ్లేషణ చెబుతోంది. అదే ఏడాది విపరీతంగా వానలు పడి, 2019లో ఆ గడ్డిలో పెద్ద భాగం మళ్లీ పోయింది.

ఆల్చిప్పల్ని కూడా అలాగే చిన్న చిన్న నదుల్లో ఎంచి వేస్తున్నారు. మేరీలాండ్‌లోని హ్యారిస్ క్రీక్‌లో 2011 నుంచి సుమారు 350 ఎకరాల్లో 200 కోట్లకు పైగా ఆల్చిప్ప పిల్లల్ని వదిలారు. లోతైన, ఊపిరాడని అడుగును వదిలేసి, చుట్టూ నీళ్లు కదిలే తక్కువ లోతులు చూసుకున్నారు.

కాకినాడ దగ్గరికొస్తే

కాకినాడ అఖాతం కూడా నది పక్కన ఉన్న తక్కువ లోతు నీళ్లే, దీనికీ వెనకాల పొలాలు, చెరువులు ఉన్నాయి. పోలిక అక్కడితో ఆగాలి. గోదావరి వరద నెలల్లో ఎర్రటి బురద తేవడం ఇక్కడ ప్రకృతే, కాబట్టి నీళ్లు మసగ్గా ఉన్నాయని పాడైనట్టు కాదు. చెసపీక్‌లో గడ్డి చేసే పనిలో చాలాభాగం ఇక్కడ కోరింగ మడ అడవులు చేస్తాయి. బురదలోంచి పైకి లేచే మడ చెట్ల శ్వాస వేళ్ల మధ్య పోటు నీటి వేగం తగ్గి మన్ను దిగుతుంది. పీతలు రాలిన ఆకుల్ని బొరియల్లోకి లాక్కుపోతాయి, ఆ బొరియల గుండా ప్రతి పోటుకూ నీళ్లూ గాలీ బురదలోకి దిగుతాయి. ఆల్చిప్పల సందుల్లో పురుగులు చేసిన పనే, ఇంకా పెద్ద బొరియలతో. కోరింగలోనూ నీటికుక్కలున్నాయి, ఎల్క్‌హార్న్ వాటికి దగ్గరి చుట్టాలే, కానీ ఇక్కడ అదే కథ నడుస్తోందని అనుకోకూడదు, ఎందుకంటే ఇక్కడి పీతలు బురద తవ్వి మేలు చేసేవి.

వడకట్టే పనికి ఈ అఖాతంలో గుల్లలు, గాజు పలకలా పల్చటి చిప్పలుండే ఆల్చిప్పలు ఉన్నాయి. ఇవి దిబ్బలు కట్టవు, బురదలోనూ బురద మీదా బతుకుతాయి. వీటిని తీసేది మాంసం కన్నా చిప్పల కోసమే ఎక్కువ, బట్టీల్లో కాల్చి గుల్లసున్నం చేయడానికి. ఆ సున్నంలో కొంత తాంబూలంలోకి, కొంత గోడలకు పోతుంది. మిగిలింది రొయ్యల చెరువుల్లో పీహెచ్ సరిచేయడానికి చల్లుతారు, పంట తీశాక ఆ చెరువు నీళ్లు డ్రెయిన్లలోంచి పాయల్లోకి, పాయల్లోంచి అదే అఖాతంలోకి వస్తాయి.